గుండె జోరు పట్టీ చెప్పిద్ది, ఎందుకో ఇంట్లోవాళ్ళే చెప్పాలి

ఈ మధ్య ఫోను తెరిస్తే చేతికి కట్టే పట్టీల ముచ్చట్లే. ఎంతసేపు నిద్రపోయావో, ఎన్ని అడుగులేశావో, గుండె ఎంత జోరుగా కొట్టుకుంటందో అన్నీ ఆ పట్టీ చెప్పిద్ది. ఇప్పుడు ఇంకో అడుగు ముందుకేసి, ఆటిజం ఉన్న పిల్లల మనసులో ఏముందో కూడా పట్టీయే చెప్పిద్దని అంటన్నారు. మాట రాని పిల్లోడికి భయమేసిందా, కోపమొచ్చిందా, సంతోషంగా ఉన్నాడా అనేది వాడి చెమట, నాడి, ఒంటి వేడి చూసి కనిపెట్టొచ్చంట. ఇందులో నిజముంది. నిజానికి మించిన ఆశ కూడా ఉంది. ఆ రెంటికీ మధ్య గట్టు ఎక్కడుందో తెలియాలంటే ఒక మనిషి బతుకు తెలుసుకోవాలి.

ఆయన పేరు లియో కానర్. ఆటిజం అనే మాట ఇవాళ మన మంగళగిరి సందుల్లో కూడా వినపడతందంటే, దాని వెనక 1943లో ఆయన రాసిన వ్యాసం ఉంది. ఈ సంగతి చాలామందికి తెలుసు. తక్కువమందికి తెలిసిందేందంటే, ఆయన డాక్టరు బతుకు మొదలైంది పిల్లల కాడ కాదు, మనసు కాడా కాదు. గుండె కొట్టుకునే తీరుని గీతలుగా గీసే యంత్రం కాడ.

నేను మంగళగిరోణ్ణి. మగ్గాల ఇంట్లో పుట్టా. డాక్టర్ని కాదు. మా చుట్టాల్లో ఒక పిల్లోడికి ఆటిజం ఉంది కాబట్టి దీని గురించి చదవటం మొదలుపెట్టా. చదివేకొద్దీ కానర్ బతుకు మన ఊళ్ళకి బాగా దగ్గరగా అనిపించింది. ఆయన చేసిన మంచిలో మనకి పాఠముంది. ఆయన చేసిన పెద్ద తప్పులో అంతకంటే పెద్ద పాఠముంది.

కానర్ 1894 జూన్ 13న క్లెకొటోవ్ అనే చిన్న పల్లెలో పుట్టాడు. అప్పుడది ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఉంది, ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉంది. యూదుల కుటుంబం. తండ్రి ఎప్పుడూ మత గ్రంథాల్లో మునిగుండే మనిషి. 1906లో కానర్ బెర్లిన్ చేరాడు. కుర్రాడికి కవి అవ్వాలని గట్టి ఆశ. రాశాడు గానీ అచ్చేసేవాళ్ళు దొరకలా. వైద్యం చదువులో చేరాడు. ఈలోపు మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. చదువు మధ్యలో ఆపి ఆస్ట్రియా సైన్యంలో వైద్య దళంలో పనిచేశాడు. తిరిగొచ్చి చదువు పూర్తి చేసి, 1921లో బెర్లిన్ విశ్వవిద్యాలయంలో డాక్టరు పట్టా పుచ్చుకున్నాడు.

ఆ రోజుల్లో ఈసీజీ కొత్త వింత. నెదర్లాండ్స్‌లో ఐంతోవెన్ అనే శాస్త్రవేత్త 1900 దాటిన తొలి ఏళ్ళలో దాన్ని పనికొచ్చే యంత్రంగా తయారుచేశాడు. 1924లో ఆయనకి నోబెల్ కూడా వచ్చింది. ఇప్పట్లాగా ఛాతీకి బిళ్ళలు అంటించటం లేదప్పుడు. రోగి రెండు చేతులు, ఒక కాలు ఉప్పునీళ్ళ తొట్లలో పెట్టి కూర్చునేవాడు. గుండెలో పుట్టే సన్నపాటి కరెంటు ఆ నీళ్ళలోంచి తీగల గుండా పోయి, వెంట్రుక కంటే సన్నటి దారాన్ని కదిలించేది. ఆ దారం నీడ కదిలిన తీరంతా గీతగా అచ్చయ్యేది. బెర్లిన్‌లో పేరున్న షారిటే ఆస్పత్రిలో కుర్ర డాక్టర్ కానర్ చేసిన పని ఇదే. గుండె చప్పుళ్ళకీ, ఆ గీతలకీ ఉన్న సంబంధం మీదే ఆయన పరిశోధన.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. గుండె జోరందుకుంటే గీతలో ఎత్తులు దగ్గర దగ్గరగా పడతాయి. అంతవరకు గీత నిజమే చెప్పిద్ది. అయితే ఎందుకు జోరందుకుంది? కొండ మెట్లెక్కొచ్చాడా? అప్పులోడు వాకిట్లో నిలబడ్డాడా? పెళ్ళిచూపుల్లో పిల్ల కనపడిందా? మూడింటికీ గుండె దడదడలాడిద్ది. గీత చూసి ఈ మూడింట్లో ఏదో చెప్పటం కష్టం. ఇవాళ్టి చేతి పట్టీలకి కూడా పెద్ద చిక్కు ఇదే. దీని గురించి కాసేపాగి మాట్టాడుకుందాం.

యుద్ధం తర్వాత జర్మనీలో రూపాయికి విలువ లేకుండా పోయినట్టు అక్కడి మార్కుకి విలువ పోయింది. సంచి నిండా నోట్లు తీసుకెళ్ళినా సరుకు రాని రోజులు. పెళ్ళయింది, ఒక బిడ్డ పుట్టింది. బెర్లిన్‌కి వచ్చిన ఒక అమెరికా డాక్టరు స్నేహంతో 1924లో కానర్ కుటుంబంతో సముద్రం దాటాడు. అమెరికాలో సౌత్ డకోటా అనే పల్లెటూళ్ళ రాష్ట్రం, అందులో యాంక్టన్ అనే ఊరు, అక్కడ సర్కారు పిచ్చాసుపత్రి. గుండె డాక్టరు మానసిక రోగుల మధ్యకి వచ్చి పడ్డాడు. ఇంగ్లీషు సరిగా రాదు. పదకేళీలు నింపుతా నింపుతా భాష నేర్చుకున్నాడని చెప్తారు. మానసిక వైద్యం కూడా అక్కడే, రోగుల్ని చూస్తా, పుస్తకాలు తిరగేస్తా సొంతంగా నేర్చుకున్నాడు.

1928లో బాల్టిమోర్ నగరంలోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రికి పిలుపొచ్చింది. అక్కడ అడాల్ఫ్ మేయర్ అనే పెద్దాయన మానసిక వైద్యానికి అధిపతి. రోగిని జబ్బు పేరుతో కాకుండా వాడి బతుకు కథ మొత్తం రాసి అర్థం చేసుకోవాలనేది మేయర్ పద్ధతి. పుట్టుక, ఇల్లు, బడి, భయాలు, ఇష్టాలు, అన్నీ. యంత్రం ముందు కూర్చున్న కానర్ ఇప్పుడు మనుషుల ముందు కూర్చుని వినటం నేర్చుకున్నాడు. 1930లో పిల్లల ఆస్పత్రిలోనే పిల్లల మానసిక వైద్య విభాగం పెట్టే పని ఆయనకిచ్చారు. 1935లో ఆయన రాసిన పుస్తకం ఇంగ్లీషులో పిల్లల మానసిక వైద్యానికి మొదటి పాఠ్యపుస్తకం.

ఆ రోజుల్లో ఆయన చేసిన ఒక పని మనం మర్చిపోకూడదు. మేరీలాండ్ రాష్ట్రంలో రోజ్‌వుడ్ అనే సర్కారు వసతి సంస్థ ఉండేది. బుద్ధి ఎదగలేదని ముద్రపడ్డ వాళ్ళని అందులో ఉంచేవాళ్ళు. కొన్నేళ్ళపాటు అక్కణ్ణుంచి 166 మంది కోర్టు ఉత్తర్వులతో బయటికొచ్చారు. పైకి చూస్తే విడుదల. లోపల జరిగింది వేరే. డబ్బున్న కుటుంబాల ఇళ్ళలో తక్కువ ఖర్చుకి పనిమనుషులు దొరికారు. వాడుకుని, నచ్చకపోతే వదిలేసేవాళ్ళు. వాళ్ళలో చాలామంది ఆడపిల్లలు రోగాల పాలయ్యారు, వీధిన పడ్డారు. కానర్ ఒక సామాజిక కార్యకర్త సాయంతో ఒక్కొక్కళ్ళ జాడ తీసి, 1937లో దేశం ముందు బయటపెట్టాడు. పత్రికలన్నీ రాశాయి. పెద్దింటోళ్ళ మొహాలు మాడిపోయాయి.

హిట్లర్ జర్మనీలో యూదుల్ని తరుముతున్న కాలం అది. కానర్ దంపతులు అక్కడి యూదు డాక్టర్లు అమెరికా చేరటానికి కాగితాలు, ఉద్యోగాలు చూసిపెట్టారు. దాదాపు 200 మందికి ఇట్టా దారి దొరికిందని లెక్క. వాళ్ళలో ఒకాయన జార్జ్ ఫ్రాంకిల్. వియన్నాలో పిల్లల క్లినిక్‌లో ఏళ్ళ తరబడి పనిచేసినోడు. ఆయన కూడా తర్వాతి కథలో ఉన్నాడు.

1938లో మిసిసిపీ రాష్ట్రంలో ఫారెస్ట్ అనే చిన్న ఊరినుంచి కానర్‌కి ఒక ఉత్తరం వచ్చింది. మిసిసిపీ కూడా మన గుంటూరు లాగే పత్తి నేల. రాసినాయన లాయరు. ఐదేళ్ళ కొడుకు డొనాల్డ్ గురించి 33 పేజీలు టైపు చేయించి పంపాడు. పిల్లోడు ఒంటరిగా ఉంటేనే హాయిగా ఉంటాడు. అమ్మ పిలిచినా, నాన్న ఇంటికొచ్చినా పట్టించుకోడు. గిన్నెలు, చెక్కముక్కలు గిరగిరా తిప్పుతా గంటలు గడుపుతాడు. అంకెలు, పేర్లు, పాటలు ఒకసారి వింటే చాలు నోటికొచ్చేస్తాయి. తన క్రమంలో చెయ్యిపెడితే మాత్రం ఇల్లు పీకి పందిరేస్తాడు. డాక్టర్లు చెబితే అంతకుముందు ఏడాదిపాటు ఒక సంస్థలో దూరంగా ఉంచి, మనసొప్పక తిరిగి ఇంటికి తెచ్చుకున్నారు. ఆ అక్టోబరులో తల్లిదండ్రులు పిల్లోణ్ణి బాల్టిమోర్ తీసుకొచ్చారు. రెండు వారాలు ఒక పిల్లల నిలయంలో ఉంచి, ఫ్రాంకిల్, ఇంకో డాక్టరు కామెరాన్ జాగ్రత్తగా గమనించారు.

గమనించండి. గుండె గీతలు చదవటంలో ఆరితేరిన డాక్టరు ఈ పిల్లోడికి తీగలు తగిలించలేదు. అమ్మానాన్నలు రాసిన 33 పేజీలు ముందేసుకున్నాడు. తర్వాతి ఏళ్ళలో ఇట్టాంటి పిల్లలు ఇంకొంతమంది వచ్చారు. మొత్తం 11 మంది, 8 మంది మగపిల్లలు, ముగ్గురు ఆడపిల్లలు. అందరిలో రెండు సంగతులు కానర్‌కి కొట్టొచ్చినట్టు కనపడ్డాయి. ఒకటి, మనుషుల్లో ఉన్నా తమలో తాముండటం. రెండు, అన్నీ ఉన్నది ఉన్నట్టే ఉండాలని పట్టుబట్టటం. కొంతమంది విన్న మాటనే తిరిగి అనేవాళ్ళు. నేను అనాల్సిన కాడ నువ్వు అనేవాళ్ళు. ఆటిజం అనే మాట 1911లో స్విస్ డాక్టర్ బ్లాయిలర్ ఇంకో మానసిక జబ్బు గురించి పుట్టించింది. కానర్ దాన్ని తీసుకుని ఈ పిల్లల తీరుకి వాడుతా 1943లో వ్యాసం అచ్చేశాడు. మనుషులతో మనసు కలుపుకోవటంలో ఈ పిల్లలకి పుట్టుకతోనే ఇబ్బంది ఉందని అందులో తేల్చాడు.

ఈయన ఒక్కడే మొదటోడని కూడా అనుకోకండి. 1925లోనే మాస్కోలో గ్రూన్యా సుఖరేవా అనే డాక్టరమ్మ ఇట్టాంటి ఆరుగురు అబ్బాయిల గురించి రాసింది. 1944లో వియన్నాలో ఆస్పెర్గర్ రాశాడు. పేరు మాత్రం కానర్‌కే ఎక్కువ దక్కింది.

సరిగ్గా ఆ సమయంలోనే, 1942లో, అమెరికాలో ఒక పేరుమోసిన నరాల డాక్టరు ఒక మాట ముందుకు తెచ్చాడు. తీవ్రమైన బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల్ని నొప్పి లేకుండా చంపేస్తే మంచిదంట. అప్పటికే జర్మనీలో నాజీలు ఆ పని చేస్తన్నారు. కానర్ ఎదురు నిలబడ్డాడు. ఆయన వాదన నాకు చాలా ఇష్టం. చెత్త ఎత్తటం, కాలవ తవ్వటం, ఆల్చిప్పలు ఒలవటం, పత్తి తియ్యటం, ఇవి లేకపోతే ఏ నాగరికతా నడవదన్నాడు. ఈ పనులు చేసే మనిషిని తెలివి పరీక్షలో వచ్చిన మార్కుతో తక్కువ చెయ్యొద్దన్నాడు. పత్తి తీసే చేతులు లేకపోతే మగ్గం మీద నూలెక్కడిది, మంగళగిరి చీరకి అంచెక్కడిది? చదివినప్పుడు మన చేలల్లో వంగి పత్తి తీసే అమ్మలే గుర్తొచ్చారు.

డొనాల్డ్ కథలో అసలైన మలుపు కూడా చేలోనే వచ్చింది. పిల్లోణ్ణి ఊరికి దగ్గర్లో ఒక రైతు దంపతుల ఇంట్లో ఉంచారు. వాళ్ళేమీ చదువుకున్న నిపుణులు కాదు. 1945లో కానర్ స్వయంగా వెళ్ళి చూసి ఆశ్చర్యపోయాడు. పిల్లోడికి కొలతల పిచ్చి ఉంటే, వాళ్ళు బావి తవ్వే పనిలో పెట్టి లోతు ఎంతుందో కొలిచి చెప్పమన్నారు. చచ్చిన పిట్టలు, పురుగులు పోగుచేస్తంటే, తిట్టకుండా కొంచెం స్థలమిచ్చి వాటికి సమాధులు కట్టుకోమన్నారు. మొక్కజొన్న సాళ్ళు అదే పనిగా లెక్కపెడతంటే, ఆ లెక్కేదో దున్నతా పెట్టమని అరక చేతికిచ్చారు. కానర్ చూస్తండగానే పిల్లోడు గుర్రాన్ని అదిలించి, సాలు చివర తిప్పి, పొడుగాటి సాళ్ళు ఆరు దున్నాడు. ఏ డాక్టరూ రాసివ్వని వైద్యం అది. పిల్లోడి అలవాటుని జబ్బులా చూడకుండా, దానికి చేలో ఒక చోటు చూపించారు.

1971లో కానర్ ఆ 11 మంది ఎట్టా ఉన్నారో వెతికి రాశాడు. పెద్ద పెద్ద సర్కారు సంస్థల్లో పడేసిన వాళ్ళు ఉన్న వెలుగు కూడా పోగొట్టుకుని వాడిపోయారు. ఇంటికీ ఊరికీ దగ్గరగా పెరిగిన డొనాల్డ్ మాత్రం 1958లో కాలేజీ డిగ్రీ తీసుకుని, సొంతూరి బ్యాంకులో ఉద్యోగం చేశాడు. కారు నడిపాడు, దేశాలు తిరిగాడు. 2023లో 89 ఏళ్ళ వయసులో చనిపోయాడు.

ఇప్పుడు ఆ తప్పు గురించి. కానర్ 1943 వ్యాసంలోనే ఈ పిల్లల తల్లిదండ్రుల్లో ఆప్యాయత ఉన్నోళ్ళు తక్కువని ఒక మాట రాశాడు. 1949లో ఇంకా ముందుకెళ్ళి, ఈ పిల్లలు ఫ్రిజ్జులో పెట్టినట్టు చల్లటి ఇళ్ళలో పెరిగారనే అర్థంలో రాశాడు. పత్రికలు దాన్ని ఎత్తుకున్నాయి. తల్లి ప్రేమ లేకనే ఆటిజం వచ్చిద్దనే మాట ప్రపంచమంతా పాకింది. బ్రూనో బెట్టెల్‌హైమ్ 1967లో దాని మీద ఒక పెద్ద పుస్తకమే రాశాడు. రెండు దశాబ్దాలపాటు ఎంతమంది తల్లులు ఆ నింద మోశారో లెక్క లేదు. విచిత్రం ఏందంటే, 1941లో తల్లుల తరఫున వాదిస్తా పుస్తకం రాసింది కూడా ఈ కానరే. 33 పేజీల ఉత్తరం పంపిన ఇంట్లో ప్రేమ లేదని ఎట్టా అనుకున్నాడో!

మంచేందంటే ఆయన వెనక్కి తగ్గాడు. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వవేత్త, తనూ ఆటిజం ఉన్న పిల్లోడి తండ్రే, ఇది మెదడుకి సంబంధించిందని, పెంపకానికి సంబంధం లేదని పుస్తకం రాస్తే కానర్ దానికి ముందుమాట రాశాడు. 1969లో తల్లిదండ్రుల సభకెళ్ళి, మీ తప్పేమీ లేదని అందరి ముందు తేల్చి చెప్పాడు. సభలో తల్లిదండ్రులు లేచి నిలబడ్డారు. అప్పటికి ఆయనకి 75 ఏళ్ళు.

అమెరికాలో ఆ నింద 1969లో కూలింది. మన ఊళ్ళలో ఇంకా నిలబడే ఉంది. మా చుట్టాల పిల్లోడి సంగతి చెప్పా కదా. వాడికి పదేళ్ళు. మగ్గం చప్పుడంటే వాడికి ప్రాణం. ఒకే తాళంలో టకటకమంటంటే గంటసేపు కదలకుండా కూర్చుంటాడు. అదే పెళ్ళి ఊరేగింపులో డీజే పెడితే చెవులు మూసుకుని నేలమీద పడిపోతాడు. చూసేవాళ్ళు వాడి చెవుల సంగతి అడగరు, వాళ్ళమ్మని అడుగుతారు. ఫోనిచ్చి చెడగొట్టిందంటారు. కడుపుతో ఉన్నప్పుడు ఏదో తినకూడంది తిన్నదంటారు. గారాబం అంటారు, గ్రహణం అంటారు. ఒక బడిలో చేర్చుకోమని మొహానే చెప్పారు. ఆ అక్క ఇవన్నీ మింగి, వాడికి ఏ చప్పుడు పడుద్దో, ఏది పడదో, ఏ గుడ్డ ఒంటికి గుచ్చుకుంటదో, అన్నీ వేళ్ళ మీద చెప్పగలదు. ఆమెకి తెలిసినంత ఏ యంత్రానికీ తెలియదు. అయినా ఆమె మాట ఎవరూ రాసుకోరు.

ఇప్పుడు పట్టీల కాడికి వద్దాం. ఇవి ఎట్టా పనిచేస్తాయో ముందు తెలుసుకోండి. మనకి భయమో, ఆత్రమో, సంబరమో కలిగితే మన ప్రమేయం లేకుండా నడిచే నరాలు ఒళ్ళంతటినీ సిద్ధం చేస్తాయి. గుండె జోరందుకుంటది. అరచేతుల్లో, చర్మంలో చెమట గ్రంథులు తడి వదులుతాయి. తడి చర్మంలో కరెంటు తేలిగ్గా పారుద్ది. పట్టీ చర్మానికి తెలియనంత సన్న కరెంటు పంపి, అది ఎంత తేలిగ్గా పారతందో కొలుస్తా ఉంటది. నాడిని వెలుతురుతో పసిగడతది. చెయ్యి కదలికల్ని, చర్మం వేడిని కూడా రాసుకుంటది.

ఇది వట్టి మాయ కాదు. ఆటిజం ఉన్న చాలామంది పిల్లల మొహం పైకి మామూలుగానే ఉంటది, లోపల గుండె పరిగెడతా ఉంటది. తన ఒంట్లో ఏమవుతందో తనే గుర్తుపట్టి చెప్పటం కొంతమందికి కష్టం. అట్టాంటి కాడ పట్టీ పనికొచ్చిద్ది. 2019లో అమెరికాలో 20 మంది ఆటిజం పిల్లలకి పట్టీలు కట్టి చేసిన పరిశోధన అచ్చయింది. పిల్లోడు పక్కోళ్ళని కొట్టబోయే ఒక నిమిషం ముందే ఒంటి సంకేతాల్లో మార్పుని చాలావరకు పట్టుకోగలిగారు. ఒక నిమిషం చిన్న సంగతి కాదు. డీజే ఆపటానికి, పిల్లోణ్ణి పక్కకి తీసుకుపోవటానికి, మంచినీళ్ళివ్వటానికి ఆ నిమిషం చాలు.

ఇంకో కథ కూడా వినండి. అమెరికాలో ఎంఐటీ అనే సాంకేతిక విశ్వవిద్యాలయంలో రోసలిండ్ పికార్డ్ అనే ఆచార్యురాలు ఈ పట్టీల మీద పనిచేస్తా ఉండేది. ఒక విద్యార్థి, మాట రాని తన తమ్ముడి మనసు తెలుసుకోవాలని సెలవులకి పట్టీలు ఇంటికి తీసుకెళ్ళాడు. రికార్డులో ఒక చేతి గీత ఆకాశానికెగిరింది, రెండో చేతిది మామూలుగా ఉంది. మనసు సంగతైతే రెండు చేతులకీ కనపడాలిగా. ఆరా తీస్తే, ఆ కాసేపటికి పిల్లోడికి పెద్ద మూర్ఛ వచ్చిందని తేలింది. కోపం వెతకబోతే మూర్ఛ దొరికింది. ఆ దారిలోనే మూర్ఛని పసిగట్టే పట్టీ తయారై, 2018లో అమెరికా సర్కారు అనుమతి తెచ్చుకుంది. దీంట్లో తెలుసుకోవాల్సింది ఒకటే. గీత ఎగిరింది నిజం. ఎందుకెగిరిందో గీత మీద రాసి లేదు. ఇంట్లోవాళ్ళని అడిగితేనే తెలిసింది.

మన నేలలో ఇంకో చిక్కుంది. రోహిణి కార్తెలో మన గుంటూరు ఎండకి కూర్చున్నోడికి కూడా చెమట కారిపోయిద్ది. మిరప కల్లంలో ఘాటుకి కళ్ళు మండి, దగ్గొచ్చి, గుండె జోరందుకుంటది. చల్లటి గదిలో అమెరికా పిల్లల మీద నేర్చుకున్న యంత్రం మన పిల్లోడి చెమటని భయమనుకుంటే? ఎగిరి గంతేసే సంబరాన్ని కోపమనుకుంటే? పైగా ఏదైనా ఒంటికి తగిల్తేనే పడని పిల్లలున్నారు. వాళ్ళకి పట్టీయే ఒక బాధ. కొలవటానికి కట్టింది, కొలవాల్సిన బాధని తనే పుట్టిస్తది.

ఎవరి కోసం కొలుస్తన్నారనేది దానికంటే పెద్ద ప్రశ్న. పిల్లోడికి బాధయ్యే చప్పుడు తగ్గించటానికి కొలిస్తే అది సాయం. పిల్లోణ్ణి కదలకుండా, అరవకుండా, మనకి ఇబ్బంది లేకుండా కూర్చోబెట్టటానికి కొలిస్తే అది కాపలా. యూరప్ దేశాలు కృత్రిమ మేధ మీద చేసిన చట్టంలో బడుల్లో, పనిచేసే చోట్ల మనుషుల భావాలు కనిపెట్టే యంత్రాల్ని నిషేధించాయి. వైద్యానికి, భద్రతకి మాత్రమే సడలింపు ఇచ్చాయి. మనకింకా అట్టాంటి కట్టడి లేదు. రేపు ఏ కంపెనీయో ఊళ్ళోకి పట్టీ పట్టుకొస్తే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ మీరే అడగాలి. ఈ లెక్కలు ఎవరి కాడ ఉంటాయి? ఎవరికి అమ్ముతారు? మన ఎండలో, మన పిల్లల మీద పరీక్షించారా? పిల్లోడికి ఇష్టం లేకపోతే తీసెయ్యొచ్చా? డాక్టరు బదులు ఇదే చాలని చెప్తే, పట్టుకొచ్చినోణ్ణి వాకిట్లోంచే పంపించండి.

ఇవాళ చెయ్యగలిగింది వేరే ఉంది. మన దేశంలో ఆటిజం గుర్తించటానికి వాడే కొలబద్ద సికిందరాబాదులోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థలోనే తయారైంది. అందులో 40 అంశాలుంటాయి. పిల్లోణ్ణి చూస్తా, తల్లిదండ్రుల్ని అడుగుతా ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులేస్తారు. మొత్తం 70 గానీ, అంతకంటే ఎక్కువ గానీ వస్తే ఆటిజం ఉన్నట్టు లెక్క. యంత్రం లేదు, తీగ లేదు. అమ్మ చెప్పే మాటే దానికి ముడిసరుకు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. 40 శాతం గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఉన్నట్టు ధ్రువపత్రం ఉంటే 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచితంగా చదువుకునే హక్కుంది. యూడీఐడీ కార్డు తీసుకోవచ్చు. నేషనల్ ట్రస్ట్ నిరామయ పథకంలో లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా ఉంది. మన మంగళగిరిలోనే ఎయిమ్స్ ఉంది, పిల్లల విభాగం, మానసిక వైద్య విభాగం ఉన్నాయి. మాటలు ఆలస్యమైతే, పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడకపోతే, వయసొస్తే అదే సర్దుకుంటదని ఏళ్ళు గడపకుండా చూపించండి. ఎంత తొందరగా నేర్పటం మొదలుపెడితే పిల్లలకి అంత మేలు.

కానర్ 1981 ఏప్రిల్ 3న మేరీలాండ్‌లో చనిపోయాడు. 86 ఏళ్ళ బతుకు. ఉప్పునీళ్ళ తొట్లలో చేతులు పెట్టించి గుండె గీతలు చదివిన కాడ మొదలెట్టాడు. ఒక తండ్రి ఉత్తరం చదివి పేరు తెచ్చుకున్నాడు. తల్లుల మీద నింద వేసి చెడ్డపని చేశాడు, ఆ నింద తనే తీసి సగమైనా బాకీ తీర్చుకున్నాడు. అరక తోలే రైతు దంపతుల కాడ తనకి తెలియని వైద్యం చూశాడు. ఆయన పనికొచ్చిన ప్రతిసారీ పిల్లోడితో రోజూ బతికే మనుషుల మాట విన్నాడు. వాళ్ళని పక్కనబెట్టి వాళ్ళమీదే తీర్పు చెప్పినప్పుడు తప్పు చేశాడు.

కాబట్టి పట్టీ వస్తే రానీండి, వద్దనక్కర్లేదు. అది రాకముందే ప్రతి ఇంట్లో మొదలెట్టగలిగిన పని ఒకటుంది. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఇట్టాంటి పిల్లోడో పిల్లో ఉంటే, వాళ్ళమ్మ కాడ కూర్చుని ఒక నోటుబుక్కులో రాయండి. ఏ రోజు, ఏ వేళ, ఏ చప్పుడుకి, ఏ వెలుతురుకి, ఏ మనిషిని చూసి కలతపడ్డాడో, దేనికి కుదుటపడ్డాడో. ఆమెకి రాయటం రాకపోతే ఆమె చెప్తంటే మీరు రాయండి. డాక్టరు కాడికి పోయేటప్పుడు అది పట్టుకెళ్ళండి. డొనాల్డ్ వాళ్ళ నాన్నకి 33 పేజీలు పట్టింది. మన వాళ్ళకి అంతకంటే ఎక్కువే పట్టొచ్చు.